డ్రాప్ హ్యాండిల్ మీద నెక్సస్ 8 గేర్లు: జేటెక్ బార్-ఎండ్ షిఫ్టర్ ఎలా ఉంది?

వానాకాలంలో ములుగు వైపు పత్తి చేల బాటల్లోకి సైకిల్ దింపితే నల్లరేగడి ముందు పట్టుకునేది వెనక డెరైలర్‌నే, అంటే గొలుసును ఒక పళ్ల చక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపే భాగాన్నే. గేర్లన్నీ వెనక చక్రం నడిమి హబ్బులో మూసి ఉండే షిమానో నెక్సస్ 8, ఆల్ఫైన్ 8 కు ఆ బాధ లేదు. చిక్కల్లా గేరు మార్చే షిఫ్టర్ దగ్గరే. కంపెనీ మామూలుగా ఇచ్చే ట్విస్ట్ షిఫ్టర్ సాఫు హ్యాండిల్ కోసం చేసింది, దాని బోరు 22.2 మి.మీ. కొసలు కిందికి వంగి ఉండే డ్రాప్ హ్యాండిల్ పట్టుకునే చోట 23.8 మి.మీ. ఉంటుంది, పైగా వంపులు. ఎక్కదు. ఆకురాయితో హ్యాండిల్ రాకి ఎక్కిద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. అల్యూమినియం గొట్టం గోడ అసలే పలచన, రాకిన చోటే విరుగుతుంది.

జేటెక్ కంపెనీ చేసిన బార్-ఎండ్ షిఫ్టర్ హ్యాండిల్ కొసలో, ప్లగ్ ఉండే రంధ్రంలో కూర్చుంటుంది. ఎనిమిది గేర్లకు ఎనిమిది స్థానాలు, క్లిక్కు చేతికి స్పష్టంగా తెలుస్తుంది. డెరైలర్ కోసం చేసిన 8 స్పీడ్ బార్-ఎండ్ షిఫ్టర్ దీని బదులు పనికిరాదు, ఎందుకంటే ఒక్కో క్లిక్కుకు అది గుంజే వైరు పొడవు వేరు. ఆల్ఫైన్ 11 హబ్బుకు కూడా ఈ 8 స్పీడ్ షిఫ్టర్ కుదరదు. అందులో వైరు గుంజే దిశే ఉల్టా.

బిగించేటప్పుడు మొదటి తడబాటు బోల్టు దగ్గరే వస్తుంది. బార్-ఎండ్ షిఫ్టర్లలో లోపల వ్యాకోచించే బోల్టుకు ఉల్టా చూడీ ఉండడం మామూలు. ఎడమకు తిప్పితే బిగుస్తుంది. తెలియక కుడికి బలంగా తిప్పితే లోపలి ముక్కలు విడిపోయి గొట్టంలోకి జారతాయి. బిగించాక లివర్‌ను గట్టిగా కదిపి చూడండి. షిఫ్టర్ ఒళ్లు కొద్దిగా తిరిగినా గేర్లు కుదరవు.

అసలు తప్పు జరిగేది ఔటర్ దగ్గర, అంటే వైరు మీది తొడుగు దగ్గర. ఇక్కడి సైకిల్ షాపుల్లో ఔటర్ అడిగితే చేతికిచ్చేది బ్రేక్ ఔటర్. అది స్ప్రింగులా చుట్టిన తీగ, గుంజినప్పుడు అణుగుతుంది. బ్రేకుకు పర్వాలేదు, గేరుకు మాత్రం ఆ ఒకటి రెండు మిల్లీమీటర్ల అణుగుడే క్లిక్కు తప్పడానికి చాలు. లోపలి తీగలు నిలువుగా సాగే 4 మి.మీ. గేర్ ఔటర్ వేరే తెప్పించుకోవాలి. కోసిన కొసను ఆకురాయితో చదును చేసి, లోపలి ప్లాస్టిక్ రంధ్రం మూసుకుపోతే సూదితో తెరిచి, టోపీ పెట్టాలి. వైరు పొడవు కూడా ముందే కొలవండి. హ్యాండిల్ కొస నుంచి టేపు కింద వంపు తిరిగి, ఫ్రేము వెంట వెనక హబ్బు దాకా పోవాలి. మామూలు 2100 మి.మీ. గేర్ వైరు పెద్ద ఫ్రేముకు చాలకపోవచ్చు, ఇద్దరు తొక్కే టాండెం సైకిళ్ల పొడుగు వైరు తీసుకోవడమే నయం.

హబ్బు దగ్గర ఔటర్ కొస నుంచి వైరు బిగించే బోల్టుకు దూరం 101 మి.మీ. ఉండాలి. షిఫ్టర్‌ను 1 లో పెట్టి, వైరును సాగదీసి పట్టుకుని, స్కేలుతో కొలిచి బిగించండి. తర్వాత 4 కు తేవాలి. హబ్బు పక్కన వైరు వచ్చి తగిలే కాసెట్ జాయింట్ మీద రెండు సన్నటి గీతలు కనిపిస్తాయి, ఒకటి కదలని బ్రాకెట్ మీద, ఇంకోటి తిరిగే పుల్లీ మీద. రెండూ ఒకే వరుసలోకి వచ్చేదాకా అడ్జస్టర్ తిప్పండి. మళ్లీ 1 కి పోయి 4 కు వచ్చి చూడండి. ఇప్పుడు హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు, తర్వాత పూర్తిగా కుడికి తిప్పండి. గీత జరిగిందంటే హెడ్ ట్యూబ్ (ఫ్రేము ముందు గొట్టం) దగ్గర ఔటర్ పొట్టిగా ఉన్నట్టే. ఈ పరీక్షయ్యాకే టేపు చుట్టండి, లేకపోతే చుట్టిన టేపంతా విప్పాల్సి వస్తుంది.

ఇక రోడ్డు మీద. ముందు 38, వెనక 19 పళ్లు పెట్టుకుంటే 700×35 చక్రంతో పెడల్ ఒక పూర్తి చుట్టుకు మొదటి గేరులో సుమారు 2.3 మీటర్లు, ఎనిమిదో గేరులో 7 మీటర్లు పోతుంది. హన్మకొండ నుంచి రామప్పకు ఇది ధారాళంగా సరిపోతుంది. ఒకటి నుంచి రెండుకు, ఐదు నుంచి ఆరుకు దూకుడు 22 శాతం ఉంటుంది, ఎదురుగాలిలో ఆ ఐదు-ఆరు మధ్య ఖాళీ కాలికి బాగా తెలుస్తుంది. గేరు మార్చే క్షణం కాలు తేలిక చేయాలి. ఎత్తు మీద బలంగా తొక్కుతూ మార్చడం హబ్బును పాడుచేసుకోవడమే.

లోపాలూ ఉన్నాయి. బ్రేకు లివర్ల మీద చేతులుంచి నడిపేటప్పుడు గేరు మార్చాలంటే చేయి కిందికి దింపాల్సిందే. సైకిల్‌ను గోడకు ఆనిస్తే ముందు తగిలేది ఈ లివరే, అది కదిలి గేరు మారుతుంది. తిరిగి ఎక్కగానే ఒకసారి చూసుకోవాలి.

తుమ్మ ముల్లు దిగి పంక్చరైతే వెనక చక్రం తీయడం డెరైలర్ కన్నా ఆలస్యం. షిఫ్టర్ 1 లో పెట్టి, ఔటర్‌ను జాయింట్ నుంచి విడిపించి, బోల్టును పుల్లీ నుంచి తప్పించాకే నట్లు విప్పాలి. 15 మి.మీ. పానా సంచిలో తప్పనిసరి. ఇరుసు తిరగకుండా ఆపే వాషర్లు కుడికీ ఎడమకీ వేర్వేరు రంగుల్లో ఉంటాయి, తారుమారు చేయొద్దు. నట్లు 30 నుంచి 45 న్యూటన్ మీటర్లు బిగించాలి. వదులుగా ఉంటే ఇరుసు తిరిగి, సరిచేసిన గీతలు మళ్లీ తప్పుతాయి.

చేయి కిందికి దింపడం ఇబ్బందనుకునేవాళ్లకు ఇంకో దారి ఉంది. హ్యాండిల్‌ను నడుమ పట్టుకునే స్టెమ్ పక్కన 22.2 మి.మీ. అల్యూమినియం పొట్టి గొట్టం క్లాంపుతో బిగించి కంపెనీ ట్విస్ట్ షిఫ్టర్‌నే దాని మీద పెట్టుకోవచ్చు. ఫోను పెట్టే ప్లాస్టిక్ గొట్టాలు మాత్రం వద్దు, గేరు తిప్పిన ప్రతిసారీ గొట్టమే తిరుగుతుంది. ఎప్పుడూ హ్యాండిల్ పైభాగం పట్టుకునే నడిపేవాళ్లకు ఇదే సుఖం, ఖర్చూ తక్కువ. డ్రాప్ కింది భాగం పట్టుకుని గాలికి ఎదురు నడిపేవాళ్లు మాత్రం జేటెక్ తెప్పించుకోండి.