ఇంజన్ దించకుండానే బాగైన మా పాత మాస్సీ ట్రాక్టర్: బుచ్చి దగ్గరి షెడ్డు గురించి

పాత ట్రాక్టర్ ఉన్నవాళ్లకు సూటిగా ఒక మాట చెప్తాను. మీ బండి పొగ చూసి, సౌండు విని, అక్కడికక్కడే "ఇంజన్ దించాల్సిందే" అని ఎవరైనా అంటే వెంటనే ఒప్పుకోవద్దు. బుచ్చిరెడ్డిపాళెం దాటాక సంగం వైపు వెళ్లే దారిలో ఒక రేకుల షెడ్డు ఉంది. బోర్డు లేదు, బయట ఎప్పుడూ రెండు మూడు పాత బళ్లు నిలబడి ఉంటాయి, టీకొట్టు దగ్గర ట్రాక్టర్ మేస్త్రీ అని అడిగితే చూపిస్తారు. ముందు అక్కడికి తోలుకెళ్లండి. మా బండి విషయంలో ఆయన చేసిన పని చూశాక ఇది రాయకుండా ఉండలేకపోయాను.

మాది మాస్సీ ఫెర్గూసన్ 1035, నాన్న కొన్న బండి. మూడు సిలిండర్ల సింప్సన్ ఇంజన్, 36 హెచ్‌పీ. చెన్నైలోని టాఫే కంపెనీ బండి, ఇంజనూ చెన్నైదే, అందుకే మన నెల్లూరు జిల్లాలో దీని సామాను దొరకలేదన్న మాట చాలా అరుదుగా వింటాం. గత సీజన్‌లో దమ్ము చేసేటప్పుడు బండి బాగా మొరాయించింది. లోడ్ పడగానే నల్లగా పొగ, చక్రాలు దిగబడిన చోట ఇంజన్ ఆగిపోవడం, డీజిల్ అంతకుముందు కంటే బాగా ఎక్కువ తాగడం. దానికి తోడు గొర్రు ఎత్తి నిలబెడితే మెల్లగా అదే కిందికి దిగిపోయేది.

టౌన్‌లో ఒక వర్క్‌షాపులో చూపిస్తే బోర్ పోయింది, లైనర్లు, పిస్టన్లు, రింగులు అన్నీ మార్చాలి, క్రాంకు గ్రైండింగ్‌కి పంపాలి, 70 వేలు దాకా అవుతుంది అన్నారు. కనీసం ఎయిర్ క్లీనర్ కూడా విప్పి చూడలేదు. నాన్న ఆ రాత్రంతా బండి అమ్మేద్దామా అని ఆలోచిస్తూనే ఉన్నాడు. అమ్మితే వచ్చేది తక్కువ, కొత్తది తీసుకోవాలంటే లక్షల్లో అప్పు, మాకున్న పొలానికి ఆ కిస్తీలు కట్టడం కుదిరే పని కాదు. బండి అంటే ఇంట్లో మనిషితో సమానం అని ఊరికే అనరు, దాని మీదే మా పొలమూ, చుట్టుపక్కల వాళ్ల పొలమూ దున్ని ఇద్దరం చదువుకున్నాం.

మా మామ చెప్తే ఈ షెడ్డుకు తీసుకెళ్లాం. మేస్త్రీకి అరవై దాటి ఉంటాయి. బండి దగ్గరికి రాకముందే అడగడం మొదలుపెట్టాడు. పొగ స్టార్ట్ చేయగానే వస్తుందా, లోడ్ పడితేనే వస్తుందా? ఆయిల్ మార్చాక మళ్లీ మార్చేలోపు ఎంత పోస్తున్నారు? నీళ్లు తగ్గుతున్నాయా? ఆయిల్ పెద్దగా తగ్గడం లేదు అని నాన్న చెప్పగానే ఆయన అన్న మాట ఇది: "ఆయిల్ తాగని ఇంజన్‌కి రింగులు ఎట్టా పోతాయబ్బయా? పొగ నల్లగా ఉండాది. ఆయిల్ కాలితే నీలంగా వస్తాది."

ఇంజన్ బాగా వేడెక్కాక ఆయిల్ పోసే మూత తీసి చేయి అడ్డం పెట్టి చూశాడు. రింగులు అరిగిపోతే గ్యాస్ కిందికి దిగి అక్కడ నుంచి పొగ తన్నుకొస్తుంది, మా బండికి అలా రావడం లేదు. డిప్‌స్టిక్ తీసి ఆయిల్ వాసన చూశాడు. ఫీడ్ పంపు డయాఫ్రమ్ చిరిగితే డీజిల్ ఆయిల్‌లోకి దిగి లెవెల్ పెరుగుతుందట, ఆయిల్ పలచబడి బేరింగులు పోయేదాకా చాలామంది గమనించరట. మాకు ఆ బాధ లేదు. ఆ తర్వాత లోపలికి పోయే గాలిలో దుమ్ముని ఆయిల్‌తో పట్టే ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ కింది గిన్నె విప్పాడు. అందులో ఆయిల్ కంటే మడ్డే ఎక్కువ ఉంది. గాలి సరిగా అందకపోతే పోసిన డీజిల్ మొత్తం కాలదు, నల్ల పొగకి సగం కారణం అక్కడే దొరికింది.

మిగతా సగం కోసం ఇంజన్‌ని స్లోలో పెట్టి, సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ఒక్కో నాజిల్‌కి వచ్చే పైపు నట్టు కొంచెం లూజు చేసి వింటూ వెళ్లాడు. బాగా పనిచేసే సిలిండర్‌కి డీజిల్ ఆపితే ఇంజన్ సౌండు మారి తడబడుతుంది. రెండు సిలిండర్లకి మారింది, మూడో దానికి ఏమీ మారలేదు, అంటే అది అప్పటికే పనిచేయడం లేదన్నమాట. ఆ నాజిల్ తీసి టెస్టర్ మీద పెట్టి నాకు చూపించాడు. మంచు చల్లినట్టు సన్నగా రావాల్సిన డీజిల్ చుక్కలు చుక్కలుగా కారుతోంది. మూడు నాజిళ్లూ మార్పించాడు, డీజిల్ పంపుని నెల్లూరులో అలాంటి పంపులే బాగుచేసే పంప్ రూమ్‌కి పంపి టెస్ట్ బెంచ్ మీద సెట్ చేయించాడు. టాపెట్లు, అంటే వాల్వుల దగ్గరి సందులు, ఇంజన్ చల్లారాక ఫీలర్ గేజ్ పెట్టి 12 థౌకి (అంగుళంలో వెయ్యో వంతులు పన్నెండు) సరిచేశాడు. చేతి అంచనాతో బిగించే వాళ్లని చాలామందిని చూశాను, ఈయన మాత్రం గేజ్ లేకుండా ఒక్కటి కూడా ముట్టుకోలేదు. నాకు బాగా నచ్చింది ఇదే. ముందు కొలవడం, కారణం చూపించడం, ఆ తర్వాతే విప్పడం.

లిఫ్ట్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మాస్సీ ఉన్నవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే సమస్య ఇది. ఈ బండిలో గేర్లకీ, డిఫరెన్షియల్‌కీ, హైడ్రాలిక్‌కీ ఒకటే ఆయిల్, లిఫ్ట్ పంపు కూడా ఆ హౌసింగ్ లోపలే మునిగి ఉంటుంది. దమ్ములో నీళ్లలో తిరిగే బండికి ఆక్సిల్ సీళ్ల దగ్గర నుంచో, గేర్ రాడ్ రబ్బరు చిరిగిన చోట నుంచో నీళ్లు లోపలికి పోతాయి. మాది డ్రెయిన్ చేస్తే మజ్జిగలా తెల్లగా వచ్చింది. ఆ నీళ్లాయిల్‌తోనే పంపు, బేరింగులు, గేర్లు అన్నీ తిరుగుతున్నాయంటే ఎంత నష్టమో ఆలోచించండి. వేరే ఎవరైనా అయితే నేరుగా పంపు మార్చాలి అనేవాళ్లు. ఈయన ముందు ఆయిల్ మొత్తం తీసేసి, ఆయిల్ వడకట్టే జాలీ కడిగి, సీళ్లు వేసి, కొత్త ఆయిల్ పోసి చూద్దాం అన్నాడు. లిఫ్ట్ ఎత్తడం బాగైంది కానీ ఇంజన్ ఆపాక బరువు ఇంకా దిగుతోంది. అప్పుడు చైన్ పుల్లీ కట్టి పై కవర్ లేపి, లిఫ్ట్ సిలిండర్ పిస్టన్ సీలు మార్చాడు. పంపు జోలికే పోలేదు, అవసరం కూడా పడలేదు.

అప్పుడే లిఫ్ట్ లివర్ల గురించి మా తమ్ముడికి కూర్చోబెట్టి చెప్పాడు. ఒకటి పొజిషన్, ఇంకోటి డ్రాఫ్ట్. పొజిషన్ అంటే లివర్ పెట్టిన ఎత్తులోనే పనిముట్టు నిలబడడం. డ్రాఫ్ట్ అంటే నేల గట్టిదనాన్ని బట్టి నాగలి లోతుని బండే సర్దుకోవడం, హ్యారీ ఫెర్గూసన్ తెచ్చిన పద్ధతి అది. మెట్ట దుక్కికి అది కావాలి, రొటావేటర్‌కీ దమ్ముకీ పొజిషన్ చాలు. రెండు లివర్లూ ఇష్టం వచ్చినట్టు లాగితే లిఫ్ట్ ఊరికే వణుకుతూ ఉంటుంది, రిపేరేమో అని షెడ్డుకి తెస్తారు అన్నాడు. ఇంత ఓపికగా డ్రైవర్‌కి చెప్పే మేస్త్రీని నేను ఇంకెక్కడా చూడలేదు.

బ్రేకుల దగ్గర మాత్రం ఆయనకి కోపం వచ్చింది. ఆక్సిల్ సీలు కారి ఒక పక్క బ్రేక్ లైనింగ్ ఆయిల్‌లో నానిపోయింది. వెనక తగిలించే ట్రక్కు నిండా వడ్లు వేసుకుని హైవే మీద బ్రేక్ తొక్కితే ఒక పక్కే పట్టి బండి తిరగబడుతుంది, ఇది వాయిదా వేసే పని కాదు అని మేము అడగకముందే పని మొదలుపెట్టాడు. రోడ్డెక్కితే ఒక్కో పక్క చక్రానికి విడిగా ఉండే రెండు బ్రేక్ పెడళ్లూ కలిపి లాక్ వేయమని ముగ్గురికీ విడివిడిగా చెప్పాడు.

రేడియేటర్ గురించి కూడా. అల్లూరు, విడవలూరు వైపు సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి కదా, అవే పోస్తే లోపల పేరుకుపోయి బండి వేడెక్కుతుంది. కూలెంట్‌తో కలిపి వాటర్ ప్లాంటు నీళ్లు పోయండి, ఖర్చు తక్కువే అంటాడు. రొయ్యల గుంటల దగ్గర కట్టలకి తిరిగే బళ్లు అయితే ప్రతిరోజూ మంచి నీళ్లతో కడగాలట, లేకపోతే రిమ్ములు, మడ్‌గార్డులు తుప్పు పట్టి రాలిపోతాయి.

సామాను విషయంలో చాలా నిక్కచ్చి మనిషి. చీటీ రాసి ఇస్తాడు, నెల్లూరులో మీకు నచ్చిన షాపులో తెచ్చుకోవచ్చు, ఫలానా షాపుకే పో అనడు. తెచ్చిన బేరింగు, సీలు పాతదాని పక్కన పెట్టి కొలుస్తాడు, తేడా ఉంటే వేయడు, వెనక్కి పంపిస్తాడు. మేము తెచ్చిన ఒక సీలు డూప్లికేట్ అని పెదవి చూసి పట్టేశాడు. విప్పిన పాత సామాను అంతా గోనె సంచిలో వేసి ఇచ్చేశాడు. మొత్తం మజూరీ, సామాను, పంప్ రూమ్ ఖర్చు, ఆయిల్ అన్నీ కలిపి మాకు 30 వేలు దాటలేదు. ఈ దమ్ము సీజన్ అంతా తోలాం, పొగ లేదు, గొర్రు ఎత్తి రాత్రంతా వదిలేసినా పొద్దునకి ఎత్తినచోటే ఉంటోంది.

మేము ఉన్నప్పుడే అక్కడ ఒక హెచ్ఎంటీ 2511 పనిలో ఉంది, రెండు సిలిండర్ల బండి. చెకోస్లోవాకియా జెటార్ వాళ్లతో కలిసి 1971లో మొదలుపెట్టిన హెచ్ఎంటీ ట్రాక్టర్ల విభాగాన్ని 2016లో మూసేయాలని కేంద్రం నిర్ణయం తీసుకుంది, కాబట్టి ఆ బళ్లకి సామాను వెతుక్కోవాల్సిందే. ఈయన పాత బళ్లు విప్పినవి కొని పక్కన దాచిపెట్టాడు, దొరకని బుష్షులు లేతు మీద చేయిస్తాడు. మహీంద్రా బీ-275 కూడా బాగా తెలుసు. కొత్త మోడళ్లు, సెన్సార్లు ఉన్నవి తీసుకెళ్తే తనకి రాదని మొహం మీదే చెప్పేస్తాడు, అది కూడా మంచిదే.

ఇబ్బందులు కూడా చెప్పాలి. ఫోన్ ఎత్తడు. టైం చెప్పడు, చెప్పినా ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అవుతుంది, మనకేమో టెన్షన్. బిల్లు కాగితం ఉండదు, చీటీ మీద లెక్క రాసిస్తాడు, కాబట్టి లోన్‌కో ఇన్సూరెన్స్‌కో బిల్లు కావాల్సినవాళ్లకి కుదరదు. సెల్ఫ్ మోటారు, డైనమో పనులు ఆయన చేయడు, వేరే చోటికి పంపిస్తాడు, అక్కడ పని మాకు అంత బాగా అనిపించలేదు. ఎండాకాలంలో రేకుల కింద కూర్చోవడం చాలా కష్టం, నీళ్ల బాటిల్ తీసుకెళ్లండి.

వెళ్లేవాళ్లకి ఇంకో మాట. బండి తోలే మనిషి తప్పకుండా వెంట ఉండాలి, ఎందుకంటే మేస్త్రీ అడిగే ప్రశ్నలకి జవాబు ఆయన దగ్గరే ఉంటుంది. బండిని కడిగి తీసుకెళ్లండి, బురదతో వస్తే లీకు ఎక్కడుందో కనపడక ముందు కడిగించుకుని రమ్మంటాడు. వరి కోతలు అయిపోయి, ఆ తర్వాత వేసే ఎడగారు పంటకి నీళ్లు వదలకముందు వెళ్లడం మంచిది. ఆ తర్వాత వెళ్తే మీ బండి వంతు వచ్చేసరికి పక్క పొలాల్లో నాట్లు కూడా అయిపోతాయి.