నిద్ర కొలిచే బ్యాండ్: రెండు మిర్చి సీజన్ల తర్వాత

గుంటూరులో మిర్చి వ్యాపారులకు జీఎస్టీ లెక్కలు చూస్తాను. నెలనెలా 14న 2బీ స్టేట్‌మెంట్, అంటే సరుకు అమ్మినవాళ్లు జీఎస్టీ పోర్టల్‌లో చూపిన బిల్లుల జాబితా, వస్తుంది. 20లోపు 3బీ అనే నెలవారీ రిటర్ను వేయాలి. ఈలోగా కొనుగోలు బిల్లులన్నీ ఆ జాబితాతో సరిచూడాలి. బిల్లు నంబరులో ఒక్క అంకె తేడా ఉన్నా ఎంట్రీ కలవదు. అంతలో పోర్టల్ లాగవుట్ అవుతుంది, సరిగ్గా అప్పుడే షాపు నుంచి ఫోన్. ఇంత జరిగినా కొన్ని రోజులు టీ తాగుతూ సర్దేస్తాను, కొన్ని రోజులు కీబోర్డు మీద నా ప్రతాపం చూపిస్తాను. ఎందుకిలా అని తేల్చుకోవడానికే ఈ బ్యాండ్ కొన్నాను.

నాకు పనికొచ్చినవి రెండే: పడుకున్న గంటలు, విశ్రాంతిలో గుండె వేగం. డీప్ స్లీప్ (గాఢనిద్ర), రెమ్ (కలల నిద్ర) అని చూపించే రంగుల గ్రాఫులు నమ్మను. నిద్ర దశలు కచ్చితంగా తెలియాలంటే తలకు తీగలు పెట్టి మెదడు తరంగాలు చూడాలి. ఇది మణికట్టు కదలికను, నాడిని చూసి అంచనా వేస్తుంది. కదలకుండా పడుకుని రీల్స్ చూసినా నిద్రలో వేసేసింది!

ఐదు గంటలు కూడా పడుకోని మర్నాడు నా తప్పులు పెద్దగా పెరగలేదు. తప్పు కనబడగానే వచ్చే కోపం మాత్రం రెట్టింపయ్యేది. నిద్ర లేకపోతే మెదడులో అమిగ్డలా అనే భాగం అతిగా స్పందిస్తుందని, దాన్ని అదుపు చేసే ముందు భాగంతో లంకె సడలుతుందని 2007లోనే స్కానింగుల్లో చూశారు. అందుకే నిద్ర చాలని రోజు బిల్లులు సరిచూసే పని ముట్టుకోను. సరుకు రవాణాకు తీసే ఈ-వే బిల్లులు, ఫైలింగ్ లాంటివి పెట్టుకుంటాను. 20వ తేదీన ఆ వీలుండదనుకోండి.

మొన్న మార్చిలో ఏడు గంటలు పడుకుంటున్నా అసిస్టెంటు కుర్రాడి మీద ఊరికే విసుక్కుంటున్నాను. తుమ్ములంటే, యార్డు వైపు వెళ్లొస్తే మిర్చి ఘాటుకు ఎప్పుడూ ఉండేవే. బ్యాండ్‌లో చూస్తే మామూలుగా 64 ఉండే గుండె వేగం 72 దాటింది. మర్నాటికి జ్వరం. ఒంట్లో నలత ముందు నోటి దురుసుగా బయటపడుతుందని అప్పుడే తెలిసింది, ఇంట్లోవాళ్లకు ఎప్పటినుంచో తెలుసట.

రాత్రి ఏడింటి టీ కూడా మానేశాను. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది.

నచ్చనిది స్కోరు. హాయిగా లేచినవాడికి పొద్దున్నే ‘52, నిద్ర చాలలేదు’ అని చూపిస్తే లేని నీరసం వస్తుంది. ఆ నోటిఫికేషన్ ఆపేశాను, గంటలే చూస్తాను. మే నెల చెమటకు రబ్బరు పట్టీ కింద దద్దుర్లు వచ్చాయి, గుడ్డ పట్టీ వేశాక తగ్గాయి.

పెట్టిన డబ్బుకు నాకు గిట్టుబాటైంది. గట్టిగా గురక పెడుతూ, ఎంత పడుకున్నా పగలు తూగేవాళ్లు మాత్రం దీన్ని కొనేముందు డాక్టరుకు చూపించుకుని, చెబితే స్లీప్ స్టడీ చేయించుకోండి. నిద్రలో ఊపిరి ఆగే జబ్బును నా చేతికున్న ఈ బ్యాండ్ పట్టలేదు.