కొత్తవాడ శతరంజీ: మగ్గం దగ్గరికే వెళ్లి కొన్నాను, మీరూ అలాగే కొనండి

రేటింగ్ ముందే చెప్పేస్తున్నా, అయిదుకి నాలుగున్నర.

మా ఇంట్లో దీన్ని జంపఖానా అంటాం, వరంగల్‌లోని నేతగాళ్ల వాడ కొత్తవాడలో శతరంజీ అంటారు, బిల్లు మీద మాత్రం దర్రీ అని రాసిచ్చారు. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, మొత్తం నూలు, ఎరుపు నీలం రంగుల్లో మెట్లు మెట్లుగా దిగే డిజైన్. 2,400 రూపాయలైంది. పోయినేడు ఆన్‌లైన్‌లో ‘వరంగల్ దర్రీ’ అని చూసి సగం ధరకే ఒకటి తెప్పించుకున్నాను. తీరా వచ్చింది పైన అచ్చు గుద్దిన మిషన్ గుడ్డ, రెండు ఉతుకులకే ముడుచుకుపోయింది. పుట్టి పెరిగింది వరంగల్‌లోనే అయ్యుండి, మా ఊరి పేరు పెట్టిన నకిలీ సరుకుకి డబ్బులు పోసినందుకు చాలా రోజులు బాధగానే ఉంది. అందుకే ఈసారి ఆటో ఎక్కి నేరుగా కొత్తవాడ గల్లీల్లోకి వెళ్లాను.

ఆ సంగతి చెప్తే మగ్గం దగ్గరున్న పెద్దమ్మ అడిగిన మొదటి మాట, “కొన్నప్పుడు ఎనుకకు తిప్పి సూసినవా బిడ్డా?” అని. లేదన్నాను. తన దగ్గరున్న శతరంజీ మడత విప్పి, ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పి చూపించింది. రెండు వైపులా ఒకే డిజైన్, ఒకే రంగు, ఏది పైవైపో చెప్పలేం. అచ్చు వేసిన దానికి రంగంతా పైనే ఉంటుంది, వెనక వెలిసినట్టుంటుంది. ఇక్కడేమో పేక దారమే, అంటే అడ్డంగా నేసే దారమే రంగు మారుతుంది. ఎర్ర దారం డిజైన్ అంచు దాకా వచ్చి వెనక్కి మళ్లుతుంది, అక్కడే నీలం దారం దాన్ని మెలేసుకుని ముందుకు పోతుంది, ఆ మెలిక పడకపోతే రెండు రంగుల మధ్య సందు వస్తుంది. ఒక వరస అయ్యాక దువ్వెన లాంటి ఇనుప పంజాతో దబదబ కొట్టి, కింది వరసకి ఆనించేదాకా వదలదు. పడుగు దారం, అంటే మగ్గానికి నిలువుగా బిగించిన దారం పైకి కనిపించకూడదట. అరగంట నిలబడి చూశాను, రెండు వేళ్ల మందం కూడా పెరగలేదు. వెడల్పు ఎక్కువైతే ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి, ఆ రెండు జతల చేతులూ ఒకే ఊపులో సాగాలి. ఇది చూశాక బేరం ఆడాలనే ఆలోచనే రాలేదు.

వాడకం గురించి చెప్పాలంటే, ఆరు నెలలుగా హాల్లో పరిచే ఉంది, పిల్లలు దాని మీదే తింటారు, చదువుతారు, పొర్లుతారు. అంచు ఊడలేదు. ఎండాకాలం కూర్చుంటే వేడనిపించదు. మొదటి ఉతుకులో ఎరుపు కొంచెం దిగింది, కాబట్టి వేరే బట్టలతో కలపకండి, చల్లనీళ్లలో విడిగా నానబెట్టి నీడలో ఆరేయండి.

అర మార్కు ఎందుకు కోశానంటే, నేసినవాళ్ల పేరు శతరంజీ మీద ఎక్కడా లేదు. వరంగల్ దర్రీలకి 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది, ఊరి పేరుకి రక్షణ దొరికింది, మంచిదే. మరి నేసిన మనిషి పేరు? అంచుకి చిన్న పట్టీ కుట్టి పేరు, వాడ పేరు రాస్తే ఎంత ఖర్చవుతుంది? 1851లోనే లండన్ ప్రదర్శనలో మా ఓరుగల్లు తివాచీలు పెట్టారు, ఆ నేతగాళ్లలో ఒక్కరి పేరూ మనకి తెలియదు. ఇప్పుడు కూడా అదే తప్పు చేస్తే ఎట్లా?

ఇంకో మాట, ఇది దుకాణానికి కాదు, ఊరికి. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం రాళ్లన్నీ విప్పి, ఏళ్ల తరబడి పక్కన పెట్టి, మళ్లీ పేర్చి 2024లో తెరిచారు. చూసి కళ్లు చెమర్చాయి నాకు. కానీ మగ్గం పని అట్లా విప్పి దాచిపెట్టేది కాదు. ఒక ఇంట్లో ఒక తరం మగ్గం దిగితే ఆ మెలిక వేసే చెయ్యి మళ్లీ దొరకదు. ఆ పెద్దమ్మ పిల్లలిద్దరూ హైదరాబాద్‌లో ఉద్యోగాల్లో ఉన్నారు, మగ్గం ఎక్కమని తను అడగలేదు, అడగదు కూడా. 2021లో రామప్పకి యునెస్కో గుర్తింపు వచ్చాక బయటివాళ్లు బాగా వస్తున్నారు. గుడి, కోట చూసి, ఫొటోలు దిగి, వెళ్లిపోతున్నారు. వాళ్లని గంటసేపు కొత్తవాడకి తీసుకురావడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు, దారి చూపే బోర్డు, వారానికి ఒకరోజు మగ్గాలు చూడనిచ్చే ఏర్పాటు, చూపించినందుకు నేతగాళ్లకి ఆ పూట కూలి. బడి పిల్లల్ని కూడా జూపార్కుకి తీసుకెళ్లినట్టే ఇక్కడికీ తీసుకురావాలి, పంజా చేతికిచ్చి ఒక్క వరస కొట్టనివ్వాలి.

వెళ్లేవాళ్లు పొద్దున పూట వెళ్లండి, మగ్గాలు నడుస్తుంటాయి. షోరూం గదిలో వెలుతురు తక్కువ, రంగు చూడాలంటే గుమ్మం బయటికి తెచ్చి చూడండి. డబ్బులు చేతిలో పెట్టుకోండి, నేను వెళ్లిన రోజు ఫోన్‌పే పనిచేయలేదు. మొన్న మళ్లీ వెళ్లి మా చెల్లె గృహప్రవేశానికి ఇంకోటి చెప్పి వచ్చాను, పసుపు, ఆకుపచ్చ, తొమ్మిదడుగులది. “తొందర పెట్టకు బిడ్డా, నెల పడ్తది” అంది పెద్దమ్మ. ఈసారి మూలకి తన పేరు నేయమని అడిగితే నవ్వి ఊరుకుంది. వచ్చాక ఫొటో పెడతాను.