ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఏ ఎర్ర ఆయిల్ పోసినా నడుస్తుందా? తొమ్మిదేళ్లు వాడి చెప్తున్నా

నాది 2016లో తీసుకున్న క్రెటా 1.6 డీజిల్, ఆరు గేర్ల ఆటోమేటిక్. ఇప్పటికి 1,46,000 కిలోమీటర్లు తిరిగింది. ధాన్యం కమీషన్ పని కాబట్టి రోజూ మిర్యాలగూడ, హాలియా, నల్లగొండ, సూర్యాపేట మధ్యే తిరుగుడు, అప్పుడప్పుడు డిండి, మన్ననూర్ మీదుగా శ్రీశైలం ఘాట్. ఆటోమేటిక్ కొన్న దోస్తులు నన్ను అడిగేది ఒక్కటే: "అన్నా, గేర్ ఆయిల్ కంపెనీదే పోయాల్నా, వేరేది పోస్తే ఏమైతది?" కంపెనీ మారినా ఏం కాదు, స్పెసిఫికేషన్, అంటే ఆ గేర్‌బాక్స్‌కు చెప్పిన ఆయిల్ రకం, మాత్రం మారొద్దు. ఈ ముక్క నాకు బండి పాడయ్యేదాకా వచ్చి తెలిసింది.

60,000 దగ్గర మొదటిసారి మార్పించినప్పుడు ఈ గేర్‌బాక్స్‌కు చెప్పిన ఎస్‌పీ-4 అనే రకం ఆయిలే పోశారు, ఏ ఇబ్బందీ రాలేదు. రెండోసారి 98,000 దగ్గర, మంచి ఎండాకాలంలో, తొందర పని ఉందని ఒక మెకానిక్ షెడ్డులో ఇచ్చాను. డబ్బా ముందు భాగంలో అన్ని ఆటోమేటిక్ బండ్లకూ పనికొస్తుందని రాసి ఉంది, నేనూ అంతవరకే చదివాను. "రెండూ ఎరుపే కదా సార్, ఏం కాదు" అన్నాడు ఆ అబ్బాయి.

మూడు వారాలు కాలేదు, తెల్లవారి బండి తీసి డి లో వేస్తే ఒక క్షణం ఏమీ లేనట్టు ఉండి, తర్వాత టక్కున పట్టుకోవడం మొదలైంది. ఆ తర్వాత నకిరేకల్ రోడ్డు మీద 60 స్పీడులో, యాక్సిలరేటర్ మీద కాలు ఉండీ లేనట్టు పెట్టి పోతుంటే బండి మొత్తం గడగడమని వణికింది. రెండు మూడు సెకన్లే, కానీ పక్కన పెట్టిన సీసాలో నీళ్లు కూడా వణుకుతున్నాయి. టైర్లనుకుని రెండుసార్లు వీల్ బ్యాలెన్సింగ్ చేయించి డబ్బులు వదిలించుకున్నాను, ఇంజన్ మౌంటింగులు చూపించాను, ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని పోవాలంటేనే టెన్షన్. చివరికి గేర్‌బాక్స్ పనే చేసే ఒక పెద్దమనిషి హైదరాబాద్‌లో నా పక్కన కూర్చుని, "వణుకుతున్నప్పుడు ఎడమ కాలితో బ్రేకును ఊరికే తాకు బిడ్డా" అన్నాడు. తాకగానే వణుకు ఆగిపోయింది. ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించేది టార్క్ కన్వర్టర్, దాని లోపల ఆ రెండింటినీ నేరుగా కలిపి పట్టేది లాకప్ క్లచ్. బ్రేకు తాకితే ఈ క్లచ్ విడిపోతుంది కాబట్టి, తప్పు టైర్లలో కాదు, ఆ క్లచ్‌లోనే ఉందని ఆయనకు అక్కడికక్కడే తెలిసిపోయింది.

ఇంటికొచ్చి డిక్కీలో పడేసిన ఖాళీ డబ్బా వెనక్కి తిప్పి చూశాను. అది పనికొచ్చే రకాల పట్టీలో డెక్స్‌రాన్-3 ఉంది, ఎస్‌పీ-3 ఉంది, ఎస్‌పీ-4 లేదు.

ఒక్క అంకెతో ఏముంది అనుకోవద్దు. ఎస్‌పీ-3 పాత నాలుగు గేర్ల బండ్ల ఆయిల్, 100 డిగ్రీల వేడిలో కొలిస్తే దాని చిక్కదనం ఏడు సెంటీస్టోక్‌ల (చిక్కదనం కొలిచే లెక్క) చుట్టుపక్కల ఉంటుంది, ఎస్‌పీ-4ది ఐదున్నర. ఆరు గేర్ల గేర్‌బాక్స్‌లోని సన్నటి వాల్వులు పల్చటి ఆయిల్‌ను లెక్కలో పెట్టుకుని చేసినవి. దానికితోడు ఆ లాకప్ క్లచ్ ఎంత జారాలి, ఎంత పట్టాలి అనేది ఆయిల్‌లో కలిపే రసాయనాలు నిర్ణయిస్తాయి. అవి సరిపోకపోతే క్లచ్ పట్టీ జారుతూ అంటుకుంటూ ఉంటుంది, ఆ గడగడ అదే. ఎరుపంటారా, అది ఇంజన్ ఆయిల్ లీకో, గేర్ ఆయిల్ లీకో కనిపెట్టడానికి కలిపే రంగు, అంతే.

కొన్ని ఆయిల్స్ ఒకవైపు మాత్రం కలుస్తాయి. జనరల్ మోటార్స్ 2005లో తెచ్చిన డెక్స్‌రాన్-6ను పాత డెక్స్‌రాన్-3 బండ్లలో పోయొచ్చు, 6 అడిగే బండిలో 3 పోయకూడదు. టొయోటా ఆయిల్స్ టీ-4, డబ్ల్యూఎస్ అయితే ఒకదాని బదులు ఇంకోటి అటూ ఇటూ కూడా వద్దు. గేర్లకు బదులు బెల్టుతో నడిచే సీవీటీ ఆటోమేటిక్ బండిలో బెల్టు జారకుండా పట్టే వేరే ఆయిల్ ఉంటుంది, అందులో మామూలు ఆటోమేటిక్ గేర్ ఆయిల్ (ఏటీఎఫ్) పోస్తే గేర్‌బాక్స్‌నే చేతులారా పాడుచేసుకున్నట్టు.

బాగుచేయడం కూడా ఒక్క పూటలో అయ్యేది కాదు. కింద నట్టు విప్పితే నాలుగు లీటర్ల చిల్లరే దిగుతుంది, మిగతాది కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. అందుకే వారం వారం తిప్పి మూడుసార్లు దించి పోశాం. ఈ బండికి గేర్ ఆయిల్ లెవెల్ కొలిచే పుల్ల ఉండదు. ఇంజన్ ఆన్‌లో ఉంచి, ఆయిల్ 50, 60 డిగ్రీల మధ్యకు వచ్చాక పక్క నట్టు విప్పి, ధార సన్నబడి చుక్కలు చుక్కలుగా పడేదాకా, అంటే లెవెల్ సరిపోయేదాకా, నేను కిందనే కూర్చున్నాను. మొదటిసారికే వణుకు సగం తగ్గింది, మూడోసారికి పూర్తిగా పోయింది.

అప్పుడు పోసింది బండి కంపెనీ డబ్బా కాదు. వేరే కంపెనీది, కానీ వెనక ఎస్‌పీ-4 అని స్పష్టంగా రాసి ఉంది. దాని మీద 45,000 కిలోమీటర్లు దాటాయి. పోయిన సంక్రాంతికి పంతంగి టోల్‌గేట్ దగ్గర గంటన్నర ఆగుతూ కదులుతూ పోయినా, ఎండాకాలంలో ఘాట్ ఎక్కినా గేరు ఒక్కసారి కూడా తడబడలేదు. మళ్లీ మార్చేది 1,55,000 దగ్గర. డబ్బాలు ముందే కొని ఇంట్లో పెట్టాను, ఈసారి షెడ్డుకు నేనే పట్టుకుని పోతాను.