దిండి పడవకి కట్టిన 1,500, ఆత్రేయపురం రేకుల తెలుపు

కోనసీమలోని దిండి దగ్గర మేం దిగిన లాడ్జిలో ఏసీ గది 2,800. దానిమీద ‘సూర్యోదయం పడవ షికారు’ అని ఇంకో 1,500 ముందే కట్టించుకున్నారు. అయిదున్నరకల్లా రేవులో నిలబడ్డాం. పడవ వచ్చింది ఏడున్నర దాటాక. "ఆయ్, డీజిల్ దొరకలేదండి" అన్నాడు మేనేజరు. సగం డబ్బులు వెనక్కి ఇమ్మంటే, సూర్యుడు కనిపిస్తున్నాడు కదండీ అని వాదన! బావగారు ఆ కోపంలో టిఫిన్ కూడా తినలేదు. ఫొటోల కోసం వెళ్లేవాళ్లు లాడ్జి ప్యాకేజీ తీసుకోకండి. ముందురోజు సాయంత్రమే పడవవాళ్లతో నేరుగా మాట్లాడుకుని, డబ్బులు దిగాకే ఇవ్వండి.

ఆ రెండు గంటలూ మమ్మల్ని కాపాడింది పొగమంచు. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు ఎదురుగా ఏమున్నా నడిమిరకం బూడిదరంగు అనుకునే లెక్క కడుతుంది. అందుకే మంచు కమ్మిన గోదావరి ఫొటోలో మసిబారినట్టు వస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, అంటే కెమెరా లెక్కకన్నా ఫొటోలో వెలుతురు పెంచే, తగ్గించే సెట్టింగు, ప్లస్ 1కి తిప్పాను. సెన్సరుకి అందే వెలుతురు రెట్టింపై మంచు తెల్లగా పడింది. ఎండెక్కాక కొబ్బరితోట నీడ ముందు వాలిన కొంగకి దీనికి పూర్తిగా తిరగేసి చెయ్యాలి. చుట్టూ ఉన్న నలుపు చూసి కెమెరా వెలుతురు పెంచేస్తుంది, కొంగ ఒట్టి తెల్లమచ్చయిపోతుంది. మైనస్ 1 పెడితే ఈకలు నిలుస్తాయి. పూర్తిగా కాలిపోయిన తెలుపులో ఈకలు ఎడిటింగ్‌లోనూ తిరిగి రావు.

అంతర్వేదిలో దర్శనం ప్రశాంతంగా అయింది.

ఈ ప్రయాణంలో నాకు బాగా నచ్చింది ఆత్రేయపురం. బోర్లించిన కుండ కింద మంట, పిండినీళ్లలో ముంచిన గుడ్డ కుండ మీద ఇలా పరిచి అలా లాగితే పూతరేకు! పక్కన పేర్చిన రేకులని ఫ్రేము నిండా తీస్తే పాత కాగితాల్లా వచ్చాయి. ప్లస్ 1తో అసలు తెలుపు తేలింది. కుండ, మంట తీసేటప్పుడు మళ్లీ మైనస్. అక్క తన ఫోనులో తెరమీద నొక్కి, సూర్యుడి గుర్తుని పైకి జరిపి అదే పని చేసింది. అప్పటికి బావగారి ముఖం కూడా విప్పారింది.

బెల్లం పూతరేకులు పది 200. హైవే మీద కొనకండి, చేసేచోటే కొనండి. కెమెరాని ‘A’ (అపర్చర్ ప్రయారిటీ) మోడ్‌లో పెట్టి, చోటు మారగానే కాంపెన్సేషన్‌ని సున్నాకి తెచ్చేయండి. చాలా కెమెరాల్లో ఆపి మళ్లీ వేసినా ఆ సెట్టింగు అలాగే ఉండిపోతుంది.