పెయ్యదూడల స్ట్రా: ఏ పశువుకు వేయించాలి, దేనికి వద్దు

పెయ్యదూడల కోసం వేసే లింగ నిర్ధారిత వీర్యం స్ట్రాను (గడ్డకట్టించిన వీర్యం నింపిన సన్నని గొట్టం) అందరూ పాల లెక్కలోనే చూస్తున్నారు. దూడ బతుకు లెక్కలో చూస్తే దాని విలువ ఇంకా ఎక్కువ. పెయ్యదూడ సాధారణంగా కోడెదూడ కంటే ఒకటి రెండు కిలోలు తక్కువ బరువుతో పుడుతుంది. తొలిచూలు పశువుకు ఈత దారి ఇరుకు కాబట్టి ఆ తేడాయే ప్రాణం కాపాడుతుంది. ఈతలో ఇరుక్కుని నలిగిన దూడ బతికినా, లేచి జున్నుపాలు తాగే సత్తువ ఉండదు.

అయితే పెయ్యదూడ అన్నంత మాత్రాన చిన్నదే పుడుతుందనుకోవద్దు. 230 కిలోల జెర్సీ సంకర పెయ్యకు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే పెద్ద జాతి) స్ట్రా వేస్తే పుట్టే పెయ్యదూడ కూడా పెద్దదే. అలాంటి పశువుకు జెర్సీ స్ట్రాయే అడగాలి. స్ట్రా మీద ఆబోతు నంబరు ఉంటుంది, దాన్ని రాసిపెట్టుకోండి. తండ్రి స్ట్రానే మళ్లీ కూతురికి పడితే పుట్టే దూడలు బలహీనంగా ఉండి త్వరగా చనిపోయే ప్రమాదం ఎక్కువ. మన ఊళ్లలో ఎవరూ పట్టించుకోని విషయం ఇదే!

లోపాలూ ఉన్నాయి. మామూలు స్ట్రాలో సుమారు 2 కోట్ల వీర్యకణాలుంటే ఇందులో దాదాపు 20 లక్షలే. అందుకే చూడి కట్టే శాతం తక్కువ, చిన్న పొరపాటునూ తట్టుకోదు. పెయ్యలు పుట్టేది కూడా 90 శాతం వరకే, నూటికి నూరు కాదు. ధర కూడా ఎక్కువే, రాయితీ ఉందేమో పశువైద్యశాలలో కనుక్కోండి.

సూది వేసే (కృత్రిమ గర్భధారణ చేసే) మనిషి పనితనం మీదే ఫలితం చాలావరకు ఆధారపడుతుంది. స్ట్రాను 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు ఉంచాలి, థర్మామీటరు పెట్టి చూడాలి. అరచేతిలో రుద్దో, జేబులో పెట్టుకునో కరిగిస్తుంటే వద్దనండి. కరిగాక తడి పూర్తిగా తుడవాలి, చుక్క నీరు తగిలినా కణాలు చస్తాయి. మామూలు స్ట్రా ఎద మొదలైన 12 గంటలకు వేస్తే, దీన్ని 16-20 గంటల మధ్య వేయించాలి. సాయంత్రం 6కి ఎద మొదలైతే మర్నాడు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 2 లోపు అన్నమాట.

ఎద సక్రమంగా వచ్చే ఆరోగ్యమైన పెయ్యలకు తప్పకుండా వేయించదగ్గ స్ట్రా ఇది. తిరగపొర్లే (చూడి నిలవక మళ్లీ మళ్లీ ఎదకొచ్చే) ఆవులకు, మాయ పడక ఇబ్బందిపడ్డ వాటికి డబ్బు దండగ. రెండుసార్లు వేసినా నిలవకపోతే డాక్టరుకు చూపించి, మూడోసారి మామూలు స్ట్రా వేయించండి.