బళ్లారి దగ్గర సంగనకల్లు: కొండ, మ్యూజియం, కాసిని మాడిన ఉలవలు

గుంతకల్లు నుంచి రైల్లో గంట ప్రయాణం బళ్లారి. స్టేషన్ దగ్గర లాడ్జిలో దిగాం, పేరెందుకులెండి, పొద్దున ఏడింటికే కుళాయిలో నీళ్లు ఆగిపోయాయి. కింద బండి మీద ఉగ్గాని బజ్జీ తిన్నాక గానీ కోపం దిగలేదు.

మేం వచ్చింది దగ్గర్లోని సంగనకల్లు కొండ కోసం, కొత్త రాతియుగంలో రైతులు బతికిన చోటది. ముందు బళ్లారి ఊళ్లోని రాబర్ట్ బ్రూస్ ఫుట్ పురావస్తు మ్యూజియం చూసి, ఆ తర్వాతే కొండకి వెళ్లండి. నేరుగా వెళ్తే బండరాళ్లు తప్ప ఏమీ అర్థం కావు. ఆటో రానుపోను, ఆగే టైముతో కలిపి మాట్లాడుకోండి, అక్కడ తిరుగు బండి దొరకదు. నీళ్లు, టోపీ మీవే. ఆ కొండ పేరు హిరేగుడ్డ, కన్నడంలో పెద్ద కొండ అనే, ఎక్కేటప్పుడు ఆ పేరెందుకొచ్చిందో మోకాళ్లకి తెలిసింది. పైన నల్లరాయి గొడ్డళ్లు చెక్కిన చోట రాతి పెచ్చులు ఇప్పటికీ పడున్నాయి. ఏరుకోకండి.

నేను వెళ్లింది మాత్రం గింజల కోసం. ఇక్కడ తవ్విన మట్టిని నీళ్లలో కలిపితే బొగ్గైన గింజలు పైకి తేలతాయి, వాటిని సన్నని జల్లెడతో పట్టి, ఆరబెట్టి మైక్రోస్కోపు కింద చూస్తారు. పచ్చి గింజ ఎప్పుడో కుళ్లిపోతుంది, పొయ్యిలో మాడిందే వేల ఏళ్లు నిలిచింది. అంటే ఎవరి వంటో మాడబట్టి మనకీ సంగతి తెలిసింది! పురావస్తు శాస్త్రవేత్తలు డోరియన్ ఫుల్లర్, రవి కోరిశెట్టర్ బృందం చూసిన వాటిలో ముఖ్యమైనవి ఉలవలు, పెసలు, అండుకొర్రలు. అన్నీ వానకి పండేవే, చెరువూ కాలువా అక్కర్లేదు. గోధుమ, బార్లీ ఉత్తరాది నుంచి తర్వాత వచ్చి చేరాయి. ఆ రాతియుగపు ఊళ్లలో రేగు గింజలూ దొరికాయి, పొలం ఉన్నా అడవిని వదల్లేదన్నమాట. ఆవుల మందలు సరేసరి, మన పాలమూరు ఉట్నూరులో 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ ఆ కాలపు బూడిద దిబ్బ (కాలిన పేడ గుట్ట) తవ్వితే గిట్టల ముద్రలే బయటపడ్డాయి.

నాలుగు వేల ఏళ్ల కిందటి తిండి అది. మధ్యాహ్నం హోటల్లో ఉలవచారు అడిగితే సర్వర్ సాంబార్ తెచ్చాడు.

ఇంటికొచ్చి పది ఉలవలు పెనం మీద నల్లగా మాడబెట్టి నీళ్లలో వేశాను. ఏడు తేలాయి, మూడు మునిగాయి. పెనం తోమింది కూడా నేనే.